చూసేది ఒకరి ముఖం, వినేది మరొకరి గొంతు: ఈఈజీ విశ్లేషణలో సాయం కావాలి

హైదరాబాద్‌లో తెలుగువాళ్లతో ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాల రికార్డు) ప్రయోగం చేస్తున్నాం. రెండు గొంతులు ఒకేసారి వినిపిస్తాయి, తెరమీద ఒకరి ముఖమే ఉంటుంది. సగం ట్రయళ్లలో (విడతల్లో) ఆ ముఖం తాలూకు మాట, మిగతా సగంలో రెండో గొంతు వినమంటాం. ఒకే గొంతుతో శబ్దం మాత్రమే, మూగ వీడియో మాత్రమే, రెండూ కలిసినవీ విడిగా రికార్డు చేశాం.

వినిపించి చూపినదానికీ మెదడు సంకేతాలకీ ఉన్న సంబంధాన్ని మోడళ్లకు నేర్పాం. శబ్దం మాత్రమే, వీడియో మాత్రమే ఉన్న రెండు మోడళ్లను కూడితే ఎ+వి. కలిసిన డేటా నుంచి ఎవి. ముఖం తాలూకు మాట శ్రద్ధగా విన్నప్పుడు ఎవి మెరుగ్గా అంచనా వేయాలి, మెదడు రెంటినీ కలుపుతుంది కాబట్టి. మాకు ఆ మాట విన్నప్పుడూ, రెండో గొంతు విన్నప్పుడూ ఎ+వి నే గెలుస్తోంది. శాంపిలింగ్ 128 హెర్ట్జ్, ఫిల్టర్ 1–8 హెర్ట్జ్, మోడల్ రిడ్జ్ రిగ్రెషన్ (గుణకాలు మరీ పెరగకుండా అదుపుచేసే రిగ్రెషన్), మెదడు స్పందన ఆలస్యాలు 0–400 మిల్లీసెకన్లు.

అసలు అనుమానం టైమింగ్ మీద. వీడియో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. ట్రిగ్గర్ (రికార్డులో పడే సమయపు గుర్తు) శబ్దానికే ఉంది, తెరకు ఫోటోడయోడ్ (వెలుతురు మారిన క్షణాన్ని పట్టే సెన్సర్) పెట్టలేదు. శబ్దానికీ తెరమీది బొమ్మకీ మధ్య తేడా స్థిరమైతే జరిపి సరిచేయొచ్చు. ట్రయల్‌కోలా మారితే స్పందన మసకబారుతుంది. (ప, బ, మ దగ్గర పెదవులు మూసుకోవడం ఫైల్లో సరిగ్గానే ఉంది, తేడా ప్లేబ్యాక్‌లోనే.)

వీడియో మొదలైనప్పుడు తలవెనక ఎలక్ట్రోడ్లలో వచ్చే స్పందనతో ట్రయళ్లను సర్దడం నమ్మదగిందేనా? కూడేముందు శబ్దానికి, వీడియోకి లాంబ్డా (రిడ్జ్‌లో ఆ అదుపు ఎంతో చెప్పే విలువ) వేర్వేరుగా ఎంచాలా? రెండో గొంతు వింటూ చూపు పక్కకు జరిగిందో తేల్చడానికి ఈఓజీ (కంటి కదలికల విద్యుత్ రికార్డు) ఒక్కటే చాలుతుందా?