బాటిల్‌నెక్‌ని ‘అడ్డంకి’ అనొచ్చా? తూము అందామా, ఇరుకు అందామా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

నేను పదకొండేళ్లుగా ఈటీఎల్ పనిలో ఉన్నాను. ఒకచోట ఉన్న డేటాను తోడి, శుభ్రం చేసి, లెక్కలు కట్టి, ఇంకోచోట నింపే పని. ఆదివారాలు తెలుగు మీడియంలో చదువుకొచ్చిన పిల్లలకు ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్ అనే, ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ నేర్పుతుంటాను. మొన్నటి పాఠం పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్, అంటే నెమ్మదిగా నడిచే పనిని వేగంగా నడిపించడం. మొత్తం పనిని నెమ్మది చేసే ఒక్క చోటుని బాటిల్‌నెక్ (సీసా మెడ) అంటారు. బోర్డు మీద ఆ మాట రాసి, పక్కన ‘అడ్డంకి’ అని రాశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: “అడ్డంకి అయితే తీసేస్తే సరిపోతుంది కదా సార్, ఇంత పాఠం ఎందుకు?”

ఆ అమ్మాయి తప్పేం లేదు, నేను రాసిన మాటే తప్పుదారి పట్టించింది. అడ్డంకి అంటే దారిలో ఉండకూడనిది. పడిపోయిన చెట్టో, బండరాయో. పక్కకు లాగేస్తే దారి మామూలే. అవరోధం అన్నా, ప్రతిబంధకం అన్నా అదే అర్థం. బాటిల్‌నెక్ దారిలో భాగమే. మొత్తం సరుకు దాని గుండానే పోవాలి. దాన్ని తీసేస్తే దారే ఉండదు. వెడల్పు చేయగలం, అంతే.

ఒక ఉదాహరణ చెప్తాను. మా దగ్గర రోజువారీ లావాదేవీలను ఖాతాల వారీగా కూడే జాబ్ (సర్వర్ మీద నడిచే పని) ఒకటి ఉండేది. రాత్రి మొదలుపెడితే తెల్లవారినా అయ్యేది కాదు. పొద్దున్నే రిపోర్టులు అందక అందరికీ టెన్షన్. జాబ్ నడిచిన తీరును పవర్‌సెంటర్ రాసిపెట్టే సెషన్ లాగ్ చివర్లో ఒక్కో థ్రెడ్ (జాబ్‌లో ఒక్కో భాగం పని చేసేది) ఎంతసేపు పనిచేసిందో, ఎంతసేపు ఖాళీగా కూర్చుందో రాసి ఉంటుంది. మొత్తం సమయంలోంచి ఖాళీ సమయం తీసేసి శాతం కడితే, అదే బిజీ పర్సెంటేజ్. ఆ రోజు డేటా చదివే రీడర్ 14 శాతం, రాసే రైటర్ 6 శాతం, మధ్యలో లెక్కలు కట్టే థ్రెడ్ 98 శాతం. చదివేవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, రాసేవాడూ అంతే. మధ్యలో ఒక్కడే చెమటోడుస్తున్నాడు.

కారణం అగ్రిగేటర్, అంటే ఖాతాల వారీగా మొత్తాలు కూడే భాగం. రికార్డులు వరస లేకుండా వస్తుంటే, ఆఖరి రికార్డు వచ్చేదాకా ఏ ఖాతా లెక్కనీ అది ముగించలేదు. ఏ ఖాతాకి ఇంకా ఏం రావాలో దానికి తెలియదు కదా! అన్నీ తాత్కాలిక మెమరీలో పట్టుకుని ఉండాలి. మెమరీ చాలకపోతే డిస్క్ మీదకి దింపాలి, మళ్లీ ఎత్తాలి. డేటా తోడే చోటే (సోర్స్) ఖాతా నంబరు వరసలో తెప్పించి, రికార్డులు వరసలోనే వస్తాయని అగ్రిగేటర్‌కి చెప్పే సార్టెడ్ ఇన్‌పుట్ ఆప్షన్ పెట్టాం. ఇక నంబరు మారగానే పాత ఖాతా లెక్క ముగించి ముందుకు పంపేస్తుంది. దాని చేతిలో ఎప్పుడూ ఒక్క ఖాతానే.

సర్వర్‌కి మెమరీ పెంచమని అంతకుముందు నెలంతా అడుగుతూ వచ్చాం. అగ్రిగేటర్ ‘అడ్డంకి’ అనుకుని, దాన్ని తీసి లెక్క ఇంకెక్కడైనా చేద్దామని కూడా వాదించుకున్నాం. అందుకే ఈ మాట గురించి ఇంత పట్టుదల.

నాకు తోచిన మాట ‘తూము’. చెరువు నిండా నీళ్లున్నా, కింద ఎంత ఆయకట్టు ఉన్నా, కాలువలోకి దిగేది తూము పట్టినంతే. పైగా తూము పాతకాలపు కొలత కూడా. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. నీళ్లు పోయే దారికీ, గింజలు కొలిచే కొలతకీ ఒకే మాట. బాటిల్‌నెక్‌లో ఈ రెండూ ఉన్నాయి: సరుకు పోయే దారి అదే, మొత్తం పనికి కొలతా అదే. మీరేమంటారు?

జవాబు 1: అన్నా, మాది వరంగల్ వైపు. రామప్ప, పాకాల, లక్నవరం చూసినోళ్లకు తూము అంటే చెప్పాల్సిన పని లేదు. మాట నచ్చింది. కానీ ఒక చిక్కు. తూమును సన్నగా కట్టేది కావాలనే. నీళ్లు ఒక్కసారే పోకుండా, అవసరం ఉన్నప్పుడు తీసి, లేనప్పుడు మూసేటందుకు. మీ అగ్రిగేటర్‌ని ఎవరూ కావాలని సన్నగా కట్టలేదు గదా?

జవాబు 2: సార్, బాటిల్‌నెక్ అని తెలుగులో రాసుకుంటే సరిపోదా? పిల్లలు ఇంటర్వ్యూలో చెప్పాల్సింది అదే కదా.

జవాబు 3: నమస్కారం బాబూ. నేను రిటైరైన తెలుగు టీచర్ని. తూము కట్టిన చోటే ఉంటుంది. మీరు చెప్పే బాటిల్‌నెక్ ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తేలుతుందా? అలాగైతే ‘ఇరుకు’ అనండి. సందు ఇరుకు, గుమ్మం ఇరుకు, చొక్కా ఇరుకు. ఎక్కడైనా పడుతుంది. ‘ఇరుకున పడ్డాం’ అని రోజూ అనుకునే మాటే.

నా జవాబు: మేడం, సరిగ్గా పట్టుకున్నారు. నిజంగానే తేలింది. అగ్రిగేటర్ సర్దుకున్న మర్నాడు లాగ్ చూస్తే రైటర్ 95 శాతానికి చేరింది. డేటా నింపే టార్గెట్ టేబుల్ మీద ఇండెక్సులు (రికార్డులు త్వరగా వెతకడానికి కట్టే సూచికలు) ఎక్కువ. ఒక్కో రికార్డు పడ్డప్పుడల్లా అవన్నీ సవరించుకోవాలి. లోడ్‌కి ముందు ఇండెక్సులు తీసేసి, అయ్యాక మళ్లీ కట్టాం. అప్పుడు జాబ్ రెండు గంటల్లోపు దిగింది. కాలువ వెడల్పు చేస్తే, పొలంలోకి పోయే బోదె దగ్గర ఆగినట్టు. తూము అంటే ఈ కదలిక పోతుంది, ఒప్పుకుంటున్నాను. వరంగల్ తమ్ముడు చెప్పిందీ నిజమే. నేను కొలత మీదే మనసు పెట్టి, తూము ఎందుకు కడతారో ఆలోచించలేదు.

ఇంటర్వ్యూ మాట తమ్ముడూ, పిల్లలు బాటిల్‌నెక్ అనే చెప్తారు, చెప్పాలి కూడా. నేను వెతికేది అర్థం తలకెక్కించే మాట. అడ్డంకి అని నేర్చుకున్నవాడు తీసేయడానికి ఏదో ఒకటి వెతుకుతాడు. ఇరుకు అని నేర్చుకున్నవాడు లాగ్ తెరిచి, ఎక్కడ ఇరుకైందో చూస్తాడు.

వచ్చే ఆదివారం బోర్డు మీద ‘ఇరుకు’ అనే రాస్తాను. ఇంకొక్కటి అడగాలి. పొలాల్లో పెరిగినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. బోదెలో నీళ్లు సన్నబడే చోటుకి మీ ఊళ్లో ప్రత్యేకంగా ఏదైనా పేరుందా?