వానకాలంల మా ల్యాబ్ (లాబ్రడార్ కుక్క) ఒకటే గోక్కుంటంది, ఏం చెయ్యాలె?

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. మా ల్యాబ్‌కు తోక మొదట్ల వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రగైంది, మేం వాడే షాంపూతోనే స్నానం చేపిస్తున్నం గని తగ్గుతలేదు.

జవాబు 1: తోక మొదట్ల అంటే ఎక్కువగ ఫ్లీస్, అంటే నెత్తురు తాగే సన్న పురుగుల పనే తమ్మీ. సన్న దువ్వెనతోటి దువ్వి, రాలిన నల్లపొడిని తడి తెల్లకాగితం మీద వేసి చూడు, ఎర్రమరక పడితే అవే, అది అవి తాగిన నెత్తురు. కుక్కకొక్కదానికే మందేస్తే సరిపోదు, గుడ్లు కింద రాలుతయ్ గాబట్టి అది పండుకునే బొంతను గూడ వేడినీళ్లల్ల ఉతకాలె.

జవాబు 2: మనుషుల షాంపూ బంద్ చెయ్, చర్మం పొడిబారుతది. డాక్టర్ మందు షాంపూ రాస్తే నురగ 10 నిమిషాలు ఉంచి కడుగు, వేళ్ల సందులు గూడ తుడువు, ఈ ముసురుకు తడి ఆగితే ఫంగస్ పడ్తది.

జవాబు 3: ఇంట్ల పిల్లి ఉంటే పర్మెత్రిన్ అనే పురుగుల మందు మాత్రం తేకు తమ్మీ, పిల్లులకు విషం అది.