క్యాప్ ఆన్సన్ బ్యాటింగ్ సగటు: రెండు చోట్ల రెండు అంకెలు, ఏది సరైనది?

స్కోరుపుస్తకం: సాయంత్రం ఆరు గంటల నుంచి ఈ అంకెల ముందే కూర్చున్నాను. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు ఆన్సన్‌ను సాటివారితో పోలుస్తూ మా అమ్మాయి బడికి వ్యాసం రాస్తోంది. లెక్కలు సరిచూడటం నా వంతు. ఒక పాత పుస్తకంలో ఆయన సగటు 0.421, లీగ్‌లో మొదటి స్థానం. కొత్త పట్టికలో 0.347 మాత్రమే, మొదటి స్థానం శామ్ థాంప్సన్‌ది. ఎన్నిసార్లు కూడినా తేడా ఎక్కడుందో దొరకడం లేదు. పొద్దున్నే ఇచ్చేయాలి. ఏది రాయమంటారు?

మూడోబేస్: ఏ సంవత్సరం?

క్రీజు: ముందు ఆ ‘సగటు’ అనే మాట మార్చండి. క్రికెట్‌లో సగటు అంటే పరుగులను అవుటైన సార్లతో భాగించడం. ఇక్కడ పరుగుల ఊసే లేదు, హిట్‌లను (బంతిని కొట్టి బేస్ చేరిన సార్లను) బ్యాటింగ్ అవకాశాలతో భాగిస్తారు. 0.347 చూసి మనవాళ్లు ఇదేం ఆటగాడు అనుకుంటారు. ‘హిట్ నిష్పత్తి’ అని రాస్తే గొడవే ఉండదు.

మూడోబేస్: అన్ని అవకాశాలూ కాదు. వాక్‌లు, అంటే పిచర్ సరిగా వేయని బంతుల వల్ల కొట్టకుండానే బేస్ దక్కిన సార్లు, అందులోకి రావు. ఆ తేడా వదిలేస్తే మీ మాట కూడా తప్పే.

స్కోరుపుస్తకం: 1887 అండీ, రాశాననే అనుకున్నాను. ఒకచోట హిట్‌లు 224, మరోచోట 164.

పాతమైదానం: ఆ 60 తేడా ఆయన వాక్‌లది. 1887లో ఒక్క ఏడాది వాక్‌ను కూడా హిట్‌గా లెక్కకట్టారు, మరుసటి ఏడాదే మానేశారు. కాగితం మీద వేసి చూడండి. 472 అవకాశాల్లో 164 హిట్‌లు అంటే 0.347. రెండింటికీ 60 కలపండి: 532లో 224, అంటే 0.421. థాంప్సన్‌కు 545లో 203, అది 0.372. అతని వాక్‌లు 32 కలిపితే 577లో 235, అంటే 0.407. అందుకే మొదటి స్థానం చేతులు మారింది. ఇద్దరినీ ఒకే నియమం కింద చూడండి, ఒకరిని పాత పుస్తకం నుంచి, ఇంకొకరిని కొత్త పట్టిక నుంచి తీసుకోవద్దు.

నల్లబంతి: ‘సాటివారు’ అన్నారు కాబట్టి చెబుతున్నాను. 1883లో టొలీడో జట్టులో నల్లజాతి ఆటగాడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఉన్నాడని ఆడనని మొండికేసింది ఈ ఆన్సనే. గేటు డబ్బు (టికెట్ల రాబడి) పోతుందన్నాకే దిగాడు. మీరు లెక్కలు వేస్తున్న 1887లోనే, జులైలో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో ఆయన జట్టుతో జరిగిన ఆటలో నల్లజాతి పిచర్ జార్జ్ స్టోవీ బంతి వేయలేదు. సాటివారిలో ఎవరిని మైదానంలోకి రానిచ్చారో రాయకుండా పోలిక ఎలా పూర్తవుతుంది?

క్రీజు: అది వేరే చర్చ. ఇక్కడ అడిగింది అంకెల గురించి.

నల్లబంతి: వేరే కాదు. అంకెలు ఆడనిచ్చిన వాళ్లకే ఉంటాయి.

పాతమైదానం: మొత్తం హిట్‌ల దగ్గర కూడా జాగ్రత్త. ఆయన 1871 నుంచి 1897 వరకు 27 సీజన్లు ఆడాడు. మొదటి ఐదు ఏళ్లు నేషనల్ అసోసియేషన్ అనే అప్పటి లీగ్‌లో. దాన్ని పెద్ద లీగ్‌గా (మేజర్ లీగ్‌గా) లెక్కించవద్దని 1969లో బేస్‌బాల్ రికార్డుల కమిటీ తేల్చింది. కలిపితే 3,400 దాటుతాయి, కలపకపోతే మూడు వేలకు కాస్త పైన.

స్కోరుపుస్తకం: దొరికింది, 0.347 పెట్టాం. వాకర్ గురించి ఒక పేరా అమ్మాయే రాస్తానంటోంది. ధన్యవాదాలు.

మూడోబేస్: మొత్తం హిట్‌లు ఎన్ని వేశారు? 1871–75 కలిపారా?