మోడిఫయర్ కీకి తెలుగు మాట: సవరణ మీటా, తోడు మీటా?

సభ్యులందరికీ నమస్కారం. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ వంటి మోడిఫయర్ కీలకు ఇక్కడ సూచించిన "సవరణ మీట" అన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. తప్పును దిద్దడానికీ, చట్టంలో ఒక అంశాన్ని మార్చడానికీ స్థిరపడిన మాట సవరణ. కంట్రోల్ మీట దేనినీ దిద్దదు. తాను ఒంటరిగా ఏ అక్షరాన్నీ పుట్టించకుండా, మరో మీటతో కలిసినప్పుడు దాని అర్థాన్ని వేరొక చోటికి తీసుకుపోతుంది. ముందు చేరిన ఉపసర్గను బట్టి "హారం" అన్న మాటే ప్రహారమూ, ఆహారమూ, విహారమూ, సంహారమూ అయినట్టు, ఎస్ మీటకు కంట్రోల్ చేరితే ఫైలు సేవ్ అవుతుంది, షిఫ్ట్ కూడా చేరితే చాలా అప్లికేషన్లలో వేరే పేరుతో సేవ్ అవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో తెలుగు టైపు చేసేవారికి ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది: కె మీట "క" ఇస్తుంది, షిఫ్ట్ పట్టుకుంటే అదే మీట "ఖ" ఇస్తుంది.

ఉపసర్గ అన్న మాట పోలికకు చక్కగా కుదిరినా, రోజువారీ వాడుకకు బరువు. అందుకే "తోడు మీట" అందామని నా సూచన. మా నెల్లూరు ఇళ్లలో రాత్రిపూట గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేస్తాం. తోడు అంటే వెంట ఉండేదీ అవుతుంది, ఉన్నదానిని మార్చేదీ అవుతుంది.

మాట సరిగ్గా ఉంటే ఆలోచన కూడా సరిగ్గా నడుస్తుందని నాకు అనుభవం. ఒక రైసు మిల్లుకు బిల్లుల అప్లికేషన్ రాసి ఇచ్చాను. గుమాస్తా నిన్నటి బిల్లు తెరిచి, రైతు పేరూ పుట్ల లెక్కా మార్చి, కొత్త బిల్లుగా దాచడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాడు. "ఏందన్నా, కొత్తది రాలేదు, పాతది కూడా మారిపోయిందే" అని ఫోను చేశాడు. నేను ఆ అప్లికేషన్ రాసిన జావా ప్రోగ్రామింగ్ భాషలో, ఏ తోడు మీట నొక్కి ఉందో తెలిపే గుర్తుగా షిఫ్ట్‌కు 64, కంట్రోల్‌కు 128 విలువ గల ఒక్కొక్క బిట్ ఉంటుంది కాబట్టి రెండూ కలిస్తే 192 అవుతుంది. నేను ప్రోగ్రాములో "128 విలువ గల బిట్ ఉందా" అని మాత్రమే అడిగాను. 192లోనూ అది ఉంది కనుక మామూలు సేవ్ నడిచి పాత బిల్లు చెరిగిపోయింది. "కంట్రోల్ ఉందా" అని కాక, "తోడు వచ్చినవి ఏవేవి, ఇవి తప్ప మరొకటి లేదు కదా" అని అడగవలసింది.

ఒంగోలు సభ్యులొకరి స్పందన: అయ్యా, మాట బాగుంది కానీ తోడు వేసిన పాలు మళ్లీ పాలు కావు, కంట్రోల్ వదలగానే ఎస్ మీట మళ్లీ మామూలు ఎస్సే కదా?

నా సమాధానం: మీ అభ్యంతరం సరైనదే. మజ్జిగ పోలికను వదులుకుంటాను. "వెంట ఉన్నంతసేపే" అన్న అర్థంలోనే తోడును ఉంచుదాం. ప్రోగ్రాము రాసేవారికి కావలసినదీ ఆ అర్థమే. కంట్రోల్ పట్టుకుని ఉండగానే మరో విండో ముందుకు వస్తే, మీట వదిలిన సంగతి ఆ విండోకు చేరుతుంది గానీ మనకు చేరదు. నొక్కినప్పుడు ఒక గుర్తు పెట్టుకుని, వదిలినప్పుడు చెరిపే పద్ధతిలో రాస్తే, తోడు వెళ్లిపోయినా ఉన్నట్టే అనుకుని ఆ తర్వాత నొక్కిన ప్రతి అక్షరాన్నీ మన ప్రోగ్రాము షార్ట్‌కట్‌గా చదువుతుంది. కాబట్టి మీట నొక్కిన ప్రతిసారీ, ఆ క్షణంలో తోడున్నవి ఏవో ఆ ఈవెంటునే, అంటే ఆ నొక్కుడు గురించి ప్రోగ్రాముకు అందే సమాచారాన్నే, అడిగి తెలుసుకోవాలి.