శతకం పాతిక పద్యాల దగ్గర ఆగిపోతోంది: మకుటం మార్చాలా, నియమం మార్చాలా?

పెన్న ఒడ్డు:
అందరికీ నమస్కారం. మా ఇలవేల్పు నరసింహకొండ వేదగిరి లక్ష్మీనరసింహస్వామి. ఆయన మీద 108 పద్యాల శతకం రాయాలని సంకల్పం. ఉత్పలమాల, చంపకమాల కలిపి రాస్తున్నాను. మకుటం, అంటే ప్రతి పద్యం చివరా తిరిగొచ్చే పిలుపు, "వేదగిరీశ! నృసింహ! కేశవా!". గణాలు తప్పడం లేదు. ఉద్యోగం కాబట్టి పొద్దున అరగంటే దొరుకుతుంది. పూజ కాగానే దేవుడి గదిలోనే కూర్చుని రోజుకో పద్యం రాయాలని నియమం పెట్టుకున్నాను. పాతిక చేరకముందే రెండు చిక్కులొచ్చాయి. నాలుగో పాదాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి. పైగా ఒక రోజు నియమం తప్పితే ఆ పుస్తకం మళ్లీ తెరవబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

యతిమైత్రి:
మకుటం మార్చకండి, బాగుంది. అది మీ మీద పెడుతున్న షరతు మాత్రం గమనించుకోండి.

ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. అక్కణ్ణుంచి చివరిదాకా రెండింటి నడకా ఒకటే, 11 అక్షరాలు. అందుకే ఒక్క మకుటం రెండు వృత్తాలకూ అతుకుతుంది. మీ మకుటం సరిగ్గా ఆ 11 అక్షరాలూ ఆక్రమించింది, అంటే యతి "వే" మీద పడుతోంది. కాబట్టి 108 పద్యాల్లోనూ నాలుగో పాదం వి, వీ, వె, వే, పి, పీ, పె, పే, బి, బె, భి, భీ లాంటి అక్షరాలతోనే మొదలవ్వాలి (వృ, పృ, భృ కూడా చెల్లుతాయి). ప ఫ బ భ లకు వ తో మైత్రి లాక్షణికులు ఒప్పుకున్నదే. "దాశరథీ! కరుణాపయోనిధీ!" కట్టడం కూడా ఇదే, అక్కడ యతి "దా" మీద. శార్దూల, మత్తేభాల్లో "శ్రీకాళహస్తీశ్వరా!" అన్నా అంతే, యతి "శ్రీ" మీద.

ఇప్పుడు మీ చిక్కు చూడండి. మూడు పాదాలు ముందు రాసేసి నాలుగోదానికి వస్తే మీకు మిగిలేది ఉత్పలమాలలో తొమ్మిది అక్షరాలు, చంపకమాలలో పది. మొదటి అక్షరం మకుటం చేతిలో ఉంది, రెండోది ప్రాస చేతిలో ఉంది (నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి). ప్రాస డకారమైతే ఇక తోచేదల్లా "వేడెద నిన్ను భక్తిమెయి వేదగిరీశ! నృసింహ! కేశవా!". గణాలు, యతి, ప్రాస అన్నీ ఒప్పే. కానీ "భక్తిమెయి" పాదం నింపడానికి వచ్చిన మాట. పద్యం మార్చి పద్యంలో అదే వస్తుంటే రాసేవాడికే విసుగు పుడుతుంది.

అందుకని నాలుగో పాదం ముందు రాయండి. ఆ రోజు స్వామితో చెప్పుకోవలసింది ఏమిటో మామూలు మాటల్లో అనుకుని, వి-పె-భి గుంపులో దానికి తగిన మాట వెతకండి. అప్పుల బాధే అనుకోండి:

"పేరుకుపోయె నప్పులివి వేదగిరీశ! నృసింహ! కేశవా!"

పే–వే యతి కుదిరింది, ప్రాస రకారమని తేలిపోయింది. పై మూడు పాదాలకు చేరిన, తీరని, కోరిన, మారని లాంటివి బోలెడు. చంపకమాల కావాలంటే పాదం లఘువుతో మొదలవ్వాలి కాబట్టి విడిచి, వెలుగు, పిలిచి, వెదకి లాంటివి తీసుకోండి.

ఒక్క జాగ్రత్త. నాలుగో పాదం "విష్ణు" అని ఎత్తుకున్నారంటే ప్రాస ష్ణ. కృష్ణ, జిష్ణు, తృష్ణ, ఉష్ణ అయ్యాక దిక్కులు చూడాలి. అలాంటివి శతకం మొత్తానికి ఒకటో రెండో చాలు. న, ర, ల, డ, త, ద ప్రాసలతో అరగంటలో పని జరుగుతుంది.

కందాభిమాని:
పై మాట ఒప్పుకుంటూనే చిన్న విభేదం. ఉత్పలమాల అంటే 80 అక్షరాలు, చంపకమాల అంటే 84. ఉద్యోగానికి పరుగెత్తే మనిషికి అరగంటలో రోజూ అంత పని ఎక్కువ. కందమైతే మొత్తం 64 మాత్రలు, 16 గణాలు. వారం రోజులు కందాలు రాసి, వాటిలో బాగా కుదిరిన భావాన్ని సెలవు రోజున వృత్తంలోకి పెంచండి. కందంలో ఎక్కువగా తప్పేది ఆరో గణం, అంటే రెండో పాదంలో మూడోది. అది జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. బేసి గణాల్లో జగణం రాకూడదు. రెండు, నాలుగు పాదాలు గురువుతో ముగియాలి.

యతిమైత్రి:
కందం రాసి వృత్తంలోకి పెంచితే ఆ పెంచిన చోటల్లా విశేషణాలు చేరతాయండీ. అభ్యాసానికైతే సరే, శతకానికి వద్దంటాను.

దీపారాధన వేళ:
ఛందస్సు సంగతి పెద్దలు చెప్పారు, నేను నియమం సంగతి చెబుతాను.

ముందు ఆ పుస్తకాన్ని దేవుడి గదిలోంచి బయటికి తెచ్చేయండి. అక్కడుంటే స్నానం కానిదే ముట్టుకోరు, మైల వస్తే అసలు ముట్టుకోరు, ఊరెళ్తే అది వెంట రాదు. జ్ఞాతుల ఇంట పురుడో, పోవడమో జరిగితే పదో పన్నెండో రోజులు పోతాయి. ఆ తర్వాత "ఎలాగూ తప్పింది కదా" అనిపిస్తుంది. సగం రాసి ఆగిన శతకాలు చాలావరకు ఇక్కడే ఆగాయి. రాతను పూజకు కాకుండా, ఏ రోజూ తప్పని పనికి ముడిపెట్టండి, పొద్దుటి కాఫీకైనా సరే.

రెండోది లెక్క. రోజుకొకటి అనుకోవద్దు. వారానికి నాలుగు పెట్టుకుంటే 27 వారాల్లో 108 అవుతాయి. నాలుగు రోజులు కొత్త పద్యం, రెండు రోజులు పాతవాటి సవరణ, ఒక రోజు రాసినవన్నీ గొంతెత్తి చదువుకోవడం. నాలుక తడబడిన చోట గుర్తు పెట్టండి. అక్కడ సంధి తప్పో, ఇరికించిన మాటో ఉంటుంది. తప్పిన పద్యాన్ని మర్నాడు రెండుగా రాసి పూడ్చాలని చూడకండి. ఆ బాకీ రెండు రోజుల్లో మూడవుతుంది, మూడో రోజు పుస్తకం మూతపడుతుంది.

మూడోదే అసలైనది. పాతిక దగ్గర ఆగడానికి కారణం స్తోత్రం సరుకు అయిపోవడం. దశావతారాలు పది, ప్రహ్లాదుడు, గజేంద్రుడు, ద్రౌపది, కుచేలుడు, ఆపైన దివ్యాయుధాలు. ఇవన్నీ వాడేస్తే ఇరవై దాకా. పాత శతకకారులు స్తోత్రంతోనే ఆగలేదు. శ్రీకాళహస్తీశ్వర శతకంలో ధూర్జటి రాజుల కొలువుల మీద మండిపడ్డాడు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణే ఎత్తిపొడిచి నిందాస్తుతి చేశాడు, అదీ సీసాల్లో, ఎత్తుగీతిలో (సీసం చివర వచ్చే గీతపద్యంలో) రెండు పాదాలు మకుటానికే ఇచ్చి. దేవుడితో దెబ్బలాడటమూ భక్తే, అడిగినవి ఇవ్వలేదని నిలదీయడమూ భక్తే. తాళ్లపాకవారి రాగిరేకు మీద శక సంవత్సరం 1346 నుంచి 1424 దాకా, అంటే మన లెక్కలో 1424 నుంచి 1503 దాకా, అన్నమాచార్యులు "విన్నపము చేసిన" సంకీర్తనలు అని ఉంటుంది. అన్నేళ్లూ కీర్తన ఆగకపోవడానికి అలిగినా, అలసినా, మురిసినా అన్నీ స్వామికే చెప్పుకోవడం ఒక కారణం. పగలంతా జేబులో ఒక చీటీ ఉంచుకుని, మనసుకు తగిలిన సంగతి ఒక్క వాక్యం వచనంలో రాసుకోండి. మర్నాడు పొద్దున ఆ చీటీ చూసి నాలుగో పాదం కట్టండి. అరగంటలో సగం "ఏం రాయాలి" అన్నదానికే పోతోంది, అది మిగులుతుంది.

పెన్న ఒడ్డు:
యతి "వే" మీద పడటం తెలుసు గానీ, దానితోనే మొదలుపెట్టాలని తోచలేదు. ధన్యవాదాలండీ. మైల రోజుల్లో స్వామి మీద పద్యం రాస్తే మా ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, అప్పుడెలా? గణాలూ యతిప్రాసలూ సరిచూసే ఛందం సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టుకుని రాయొచ్చా?

దీపారాధన వేళ:
పెద్దవాళ్లతో వాదం వద్దు. ఆ రోజుల్లో కొత్త పద్యం మానేసి, అదే వేళకు అదే కుర్చీలో కూర్చుని మాటలు పోగుచెయ్యండి. వి, పె, భి గుంపు మాటలు ప్రాసాక్షరాల వారీగా, ఒక్కో అక్షరానికి ఒక్కో పేజీ. శబ్దరత్నాకరం నిఘంటువు తిరగేస్తే రోజుకు ఇరవై దొరుకుతాయి. వ్యవహారంలో లేనివి రాసుకోకండి, వాడితే అతుకు కనబడుతుంది.

యతిమైత్రి:
సాఫ్ట్‌వేర్ సవరణ రోజున మాత్రమే తెరవండి. రాసేటప్పుడు పక్కనుంటే చెవి పనిచేయడం మానేస్తుంది. ఒకటి మాత్రం మీరే చూసుకోవాలి: "నిన్ను ప్రేమతో" అన్నప్పుడు రెండూ సమాసం కాని వేర్వేరు మాటలు కాబట్టి "ను" లఘువే. "భక్తప్రియా" అన్న సమాసంలో "క్త" గురువు. ఊది పలికితే తేడా తెలిసిపోతుంది.