జాన్ రాస్‌ను ‘తెగ నాయకుడు’ అనవచ్చా?

ప్రశ్న: పిల్లల పత్రిక కోసం జాన్ రాస్ (1790–1866) జీవితం రాస్తున్నాను. ఆయన హోదాను ‘చెరోకీ తెగ నాయకుడు’ అని రాశాను (చెరోకీలు అమెరికా మూలవాసుల్లో ఒక జనం). ‘గిరిజన పెద్ద’ అంటే ఇంకా తేలిక కదా అని సంపాదకులు అంటున్నారు. ఏది నయం?

జవాబు: రెండూ వద్దండీ. ‘తెగ నాయకుడు’ అనగానే మన పిల్లలకు తల మీద ఈకలు, చేతిలో విల్లు కనిపిస్తాయి. రాస్ కోటు తొడుక్కుని వాషింగ్టన్ చుట్టూ అర్జీలతో తిరిగిన మనిషి. 1827లో తమ రాజధాని న్యూ ఎకోటాలో చెరోకీలు లిఖిత రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ సభకు అధ్యక్షుడు ఆయనే. రెండు సభలు, న్యాయస్థానాలు, అధినేతకు నాలుగేళ్ల పదవీకాలం, అన్నీ అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది ఆ రెండు సభలే ఆయనను అధినేతగా ఎన్నుకున్నాయి. కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

అసలు ఆయన పోరాటమంతా ‘తెగా, దేశమా’ అన్న మాట చుట్టూనే నడిచింది. మాది ఒక దేశం, జార్జియా రాష్ట్ర చట్టాలు మా మీద చెల్లవు అని చెరోకీలు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1831లో కోర్టు వారిని విదేశంగా ఒప్పుకోక, అమెరికాపై ఆధారపడిన ‘అంతర్గత దేశం’ అంది. 1832లో వేరే కేసులో జార్జియా చట్టాలు అక్కడ చెల్లవని తీర్పిచ్చింది. జార్జియా లెక్కచేయలేదు. చెరోకీల భూములను లాటరీ వేసి పంచిపెట్టింది. 1835లో రాస్ వాషింగ్టన్ నుంచి తిరిగొచ్చేసరికి ఆయన ఇంట్లో లాటరీ తగిలినవాడు కాపురం ఉన్నాడు. దాంతో కుటుంబాన్ని తీసుకుని సరిహద్దు దాటి, పక్క రాష్ట్రం టెనసీలో ఒక దుంగల ఇంటికి మారారు. ఇదంతా చెప్పి, చివరికి ఆయనను ‘తెగ పెద్ద’ అంటే, వాళ్లది దేశం కాదన్న జార్జియా వాదనకే మనం వంత పాడినట్లు. ‘చెరోకీ దేశాధినేత’ అని రాయండి.

మరొకరు: ‘దేశాధినేత’కు నా ఓటు కూడా. కానీ ఆ మాట రాగానే ఆయనను దేవుణ్ణి చేయకండి. రాస్ కింద బానిసలు ఉండేవారు. పిల్లలకైనా ఆ సంగతి దాచకూడదు. 1835 డిసెంబరులో ఆయన ప్రమేయం లేకుండా కొద్దిమంది చెరోకీలు, భూములు వదిలి పడమటికి వెళ్తామని సంతకం పెట్టిన ఒప్పందం గురించి కూడా రాయండి. 1836లో అమెరికా సెనేట్ దాన్ని ఆమోదించింది; కావలసిన మూడింట రెండొంతుల ఓట్లకు ఒక్క ఓటు తగ్గినా అది వీగిపోయేది. దాన్ని వ్యతిరేకిస్తూ 15,000కు పైగా సంతకాలతో అర్జీ వెళ్లినా ఫలితం లేకపోయింది. 1838లో అమెరికా సైన్యం చెరోకీ జనాన్ని ఇళ్లలోంచి లాక్కొచ్చి శిబిరాల్లో పెట్టింది. అక్కడి నుంచి పడమటి ప్రయాణాన్ని మేమే నడుపుతామని రాస్ అనుమతి తెచ్చుకున్నారు. ఆ తరలింపులో దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా. దారిలో, లిటిల్ రాక్ దగ్గర, ఆయన భార్య క్వాటీ కూడా పోయారు.

ప్రశ్న అడిగినవారు: ‘దేశాధినేత’ అనే రాస్తాను. బానిసల సంగతి, లాటరీ ఇల్లు రెండూ చేరుస్తాను. రెండు పేజీలు చాలవు, మూడో పేజీ అడుగుతాను.