నిండుకుండ తొణకదు సరే, అరకుండ మాటేమిటి?

ఒంగోలు నుంచి ఒక సభ్యుడు:
"నిండు కుండ తొణకదు" అనే సామెత మనదేనా, సంస్కృతం నుంచి దిగిందా? "సంపూర్ణకుంభో న కరోతి శబ్దం" అనే శ్లోకాన్నే మనవాళ్లు తెలుగు చేసుకున్నారని మా బాబాయి అంటాడు. ఇంకో అనుమానం కూడా ఉంది. బిందె నిండా నింపి నడిస్తేనే కదా నీళ్లు ఎక్కువ పడేది? మరి ఈ సామెత ఎలా నిలిచింది? తెలిసినవాళ్లు చెప్పగలరు.

నెల్లూరు నుంచి జవాబు:
తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. నేను చదివింది, పిల్లలకు చెప్పేది భౌతికశాస్త్రం. అందుకే జవాబు కాస్త అటువైపు కూడా పోతుంది, ఓపిగ్గా చదువు.

ముందు శ్లోకం సంగతి. "సంపూర్ణకుంభో న కరోతి శబ్దం, అర్ధో ఘటో ఘోషముపైతి నూనం." నిండిన కుండ చప్పుడు చెయ్యదు, సగం కుండే మోత పెడుతుంది అని. ఇక్కడ చెవికి వినబడే చప్పుడు ముఖ్యం. మన సామెతలో కంటికి కనబడే నీళ్ల కదలిక ముఖ్యం. తడ దాటితే తమిళంలో "నిఱైకుడం తళుంబాదు" అంటారు. కన్నడంలో "తుంబిద కొడ తుళుకువుదిల్ల" అంటారు. మూడు భాషల్లోనూ ఉన్నది తొణకడమే, చప్పుడు కాదు. అందుకే ఇది శ్లోకాన్ని చూసి రాసుకున్న మాటలా నాకు అనిపించదు, నీళ్లు మోసిన చేతుల నుంచే వచ్చిందని నా నమ్మకం. బాబాయిగారు ఏమీ అనుకోకూడదు. అయితే శ్లోకంలో ఉండి మన సామెతలో లేనిది ఒకటుంది. మోత పెట్టేది ఏదో శ్లోకం పేరు పెట్టి చెప్పింది, అరకుండ అని. మనం దాన్ని చెప్పకుండా వదిలేశాం.

నీ రెండో అనుమానానికి జవాబు తొణకడానికీ ఒలకడానికీ ఉన్న తేడాలో ఉంది. పాత్రలో నీళ్లు అటూ ఇటూ ఊగితే తొణకడం. అంచు దాటి కింద పడితే ఒలకడం. అంచుదాకా నింపిన బిందె ఒలుకుతుంది, నిజమే, కానీ లోపల నీళ్లు ఊగవు. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో చంకన కడవ పెట్టుకుని నడిచే ఆడవాళ్లను గమనించు. కడవ పొట్ట వెడల్పు, మెడ ఇరుకు. మెడ మొదలు దాకా నింపితే నీళ్ల పైతలం బెత్తెడుంటుంది, ఊగడానికి చోటు లేదు. సగానికి నింపితే ఆ పైతలం పొట్ట దగ్గరికి దిగుతుంది. కడవలో అన్నిటికన్నా వెడల్పైన చోటు అదే. అడుగు వేసినప్పుడల్లా నీళ్లన్నీ ఒక పక్కకు దొర్లి మోసే మనిషి నడుమును లాగుతాయి. ఇక ఖాళీ కడవలో తొణకడానికి నీళ్లే ఉండవు. నిండుదీ తొణకదు, వట్టిదీ తొణకదు, సగందే తొణుకుతుంది.

ఎలక్ట్రాన్లు పారే అతి సన్నని దారుల్లో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది, అదీ లెక్కతో సహా. ఎవరైనా అడిగితే రాస్తాను.

కావలి నుంచి ఒక అక్కయ్య:
అన్నయ్యా, సామెత మనిషి గుణం గురించి కదా, దాన్ని ఎలక్ట్రాన్ల దాకా లాగడం దేనికి? ఏదో పోలిక కుదిరిందని సైన్సును అతికించడం నాకు నచ్చదు. మీ దగ్గర నిజంగా లెక్క ఉంటే మాత్రం రాయండి, చదువుతాం.

నెల్లూరు నుంచి జవాబు:
అమ్మా, అతికించడం నాకూ నచ్చదు. అందుకే లెక్కే రాస్తున్నాను.

కరెంటు అంటే గంపగుత్తగా పారేది కాదు, ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా దాటడం. ఒక నానో ఆంపియర్ కరెంటు అంటే సెకనుకు సుమారు 624 కోట్ల ఎలక్ట్రాన్లు. అంత పెద్ద అంకె చూస్తే అంతా నున్నగా పోతున్నట్టే ఉంటుంది. కానీ సెకనులో వంద కోట్లో వంతు, అంటే ఒక్క నానో సెకను తీసుకుంటే దాటేవి సగటున ఆరే. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చేవాటికి ఒక సూత్రం ఉంది: సగటు ఎంతో, హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత. పది లక్షలు రావాల్సిన చోట వెయ్యి అటూ ఇటూ అయితే ఎవరికీ పట్టదు. వంద రావాల్సిన చోట పది అటూ ఇటూ అయితే పట్టకుండా ఎలా ఉంటుంది? ఆరు రావాల్సిన చోట రెండో మూడో తేడా వస్తే ఇక చెప్పేదేముంది! పరికరం సన్నబడేకొద్దీ ఈ హెచ్చుతగ్గు, అంటే కరెంటు తొణుకు, బయటపడేది ఇందుకే. ఎలక్ట్రానిక్స్ వాళ్లు దీన్ని నాయిస్ అంటారు. జర్మనీలో వాల్టర్ షాట్కీ 1918లోనే వాక్యూమ్ ట్యూబుల విషయంలో ఈ లెక్క కట్టాడు. వేడి వల్ల పుట్టే తొణుకు వేరే ఉంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో జాన్సన్ దాన్ని కొలిచాడు, నైక్విస్ట్ ఎందుకో చెప్పాడు, ఇద్దరి పేపర్లూ 1928లో వచ్చాయి. దాని జోలికి ఇప్పుడు పోను.

ఇక్కడిదాకా కుండ సంగతి రాలేదు, ఇప్పుడు వస్తుంది. 1988లో నెదర్లాండ్స్‌లో ఒక బృందం, ఇంగ్లండ్ కేంబ్రిడ్జిలో ఒక బృందం గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకపు పలకలో ఎలక్ట్రాన్లకు అతి ఇరుకు దారి చేశారు. దాన్ని బాగా చల్లబరిచి చూస్తే కరెంటు మెట్లు మెట్లుగా పెరిగింది. ఒక్కో మెట్టు ఒక్కో దారి తెరుచుకోవడం. దారి పూర్తిగా తెరుచుకోకపోతే వచ్చిన ఎలక్ట్రాన్ దాటొచ్చు, వెనక్కి తిరిగిపోవచ్చు. దాటే అవకాశం ఎంతో, తిరిగిపోయే అవకాశం ఎంతో, ఆ రెండింటి గుణకారమంత తొణుకు ఉంటుందని 1989లో లెసోవిక్, 1990లో బ్యుటికర్ చూపించారు.

ఆ గుణకారం చేసి చూడండి. దాటే అవకాశం సగమైతే 0.5 × 0.5 = 0.25. పదింట తొమ్మిదైతే 0.9 × 0.1 = 0.09. పదింట ఒకటైనా అదే 0.09. అవకాశం పూర్తిగా ఉంటే సున్నా, అసలు లేకపోతే సున్నా. అన్నిటికన్నా ఎక్కువ తొణికేది సగం దగ్గర. "అర్ధో ఘటో ఘోషముపైతి" అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

నిండు దారి ఎందుకు తొణకదో కూడా చెప్పాలి. పౌలీ 1925లో చెప్పిన నియమం ప్రకారం ఒక్కో స్థితిలో ఒక్క ఎలక్ట్రానే ఉండగలదు. బాగా చల్లబరిస్తే పంపేవైపు చోట్లన్నీ నిండిపోయి, దాటేవి ఒకదాని వెనక ఒకటి క్రమం తప్పకుండా వస్తాయి. ఎక్కువ రావడానికి చోటు లేదు, తక్కువ రావడానికి ఖాళీ లేదు. రాగి తీగలోనూ అంతే. అడుగు నుంచి పైదాకా ఎలక్ట్రాన్ల శక్తి సుమారు 7 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది అణువుల లోకంలో శక్తిని కొలిచే ప్రమాణం) లోతు ఉంటే, గది వేడి కదపగలిగేది పైన సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల పొరనే. కిందున్నవాటికి కదిలే చోటు లేదు. మెడ దాకా నిండిన కడవ అంటే ఇదే.

ఇది కాగితం మీద లెక్కగానే మిగిలిపోలేదు. 1995, 1996లలో ఇజ్రాయెల్‌లో, ఫ్రాన్సులో కొలిచి చూశారు. కరెంటు మెట్టు మీద ఉన్నప్పుడు తొణుకు దాదాపు అణిగిపోయింది, మెట్టుకూ మెట్టుకూ నడుమ లేచింది. వేడి తొణుకు మాత్రం నిండు దారిలోనూ ఉంటుంది, అందుకే ఈ కొలతలు గడ్డకట్టే చలికన్నా ఎంతో కింద చెయ్యాలి.

సింగరాయకొండ నుంచి ఒక మాస్టారు:
బాగుందండీ. మరి "అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది" కూడా ఇదే అర్థం కదా? తరగతిలో రెండూ ఒకటేనని చెబుతుంటాం.

నెల్లూరు నుంచి జవాబు:
మాస్టారూ, రెండూ ఒకటి కావని నేనంటాను. విస్తరి సామెతలో అందరికన్నా ఎగిరేది వట్టిది. కుండ విషయంలో వట్టిది ఊరుకుంటుంది, సగందే గోల చేస్తుంది. ఏది సరైంది? రెండూ సరైనవే, కొలబద్ద వేరు.

తొణుకు మొత్తం ఎంత అని అడిగితే కుండ లెక్క. పారే కరెంటులో ప్రతి పాలుకూ తొణుకు ఎంత అని అడిగితే విస్తరి లెక్క. పైన వచ్చిన గుణకారాన్ని దాటే అవకాశంతో భాగించండి, మిగిలేది తిరిగిపోయే అవకాశమే. దారి పదింట తొమ్మిది వంతులు తెరిచి ఉంటే 0.1, సగమైతే 0.5, పదింట ఒకటే అయితే 0.9. ఉన్నది ఎంత తక్కువైతే, ఉన్నదాన్ని బట్టి చూసినప్పుడు ఎగిరిపాటు అంత ఎక్కువ. పిల్లలకు ఈ రెండు సామెతలూ వేరువేరుగా చెప్పండి మాస్టారూ, వాటిని కలిపేస్తే మంచి తేడా ఒకటి పోతుంది.

విస్తరి లెక్క మీ ఫోనులోనే కనబడుతుంది. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర పగలు తీసిన ఫొటో నున్నగా వస్తుంది, మసక చీకట్లో తీస్తే ఇసుక చల్లినట్టు గరగరగా వస్తుంది. కెమెరాలో ఒక్కో చుక్క (పిక్సెల్) మీద పడే కాంతి రేణువులు చీకట్లో తక్కువ. వంద పడితే పది అటూ ఇటూ, ఆ తేడాయే ఆ గరగర. చుక్క చిన్నదయ్యేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. కెమెరాలో ఎన్ని మెగాపిక్సెళ్లో చూసి ఫోను కొనేవాళ్లు చుక్క సైజు కూడా చూడాలి.

కావలి అక్కయ్య:
లెక్క చూశాక ఒప్పుకుంటున్నానన్నయ్యా. మరి ఈ తొణుకు ఎప్పుడూ బెడదేనా? దీనివల్ల మేలేమైనా ఉందా?

నెల్లూరు నుంచి జవాబు:
ఉందమ్మా, చాలా పెద్ద మేలే ఉంది. విడివిడిగా వచ్చే చుక్కల (ఇక్కడ చుక్క అంటే పిక్సెల్ కాదు, ఆవేశాన్ని మోసుకొచ్చే ఒక్కో రేణువు) వల్ల పుట్టే తొణుకు ఒక్కో చుక్క ఎంతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. షాట్కీ సూత్రంలో తొణుకు అంటే కరెంటును చుక్క విద్యుదావేశంతో గుణించి రెండింతలు చెయ్యడమే. కాబట్టి తొణుకునూ కరెంటునూ కొలిస్తే చుక్క ఎంతో తెలిసిపోతుంది. సగటు కరెంటు ఎంతసేపు కొలిచినా ఆ సంగతి చెప్పదు.

బలమైన అయస్కాంత క్షేత్రంలో, విపరీతమైన చలిలో, పలుచటి పొరలో పారే ఎలక్ట్రాన్ల గుంపు కొన్నిచోట్ల ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు ఉన్న చుక్కలుగా ప్రవర్తిస్తుందని లాఫ్లిన్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో చెప్పాడు. 1997లో ఇజ్రాయెల్‌లో వైజ్‌మాన్ సంస్థలో ఒక బృందం, ఫ్రాన్సులో సాక్లేలో ఒక బృందం ఆ కరెంటు తొణుకును కొలిచారు. చుక్క నిజంగానే మూడో వంతు తేలింది. మరుసటి ఏడాది లాఫ్లిన్‌కు, ఆ పొరలోని వింత ప్రవర్తనను ముందుగా ప్రయోగంలో గమనించిన స్టోర్మర్, చుయ్‌లకు నోబెల్ వచ్చింది. సంకేతం తొణుకులోనే ఉందని రోల్ఫ్ లాండవర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఏడాదే రాశాడు.

కావలి అక్కయ్య:
మూడో వంతంటే ఎలక్ట్రాన్ ముక్కలైనట్టా?

నెల్లూరు నుంచి జవాబు:
లేదమ్మా, ఎలక్ట్రాన్ ముక్కలు కాలేదు. ఒంటరిగా బయటికి లాగితే ఎప్పుడూ పూర్తి ఎలక్ట్రానే వస్తుంది. ఆ పొరలో ఎలక్ట్రాన్లన్నీ కలిసికట్టుగా కదులుతుంటాయి. ఆ గుంపులో పుట్టే ఒక అల మోసుకుపోయే ఆవేశం మూడో వంతు, అంతే.